ఒడుగుకి మోదుగ దండం సొంతంగా చేసుకుంటే ఎలా ఉంటుందంటే

మా అబ్బాయి ఒడుగు (ఉపనయనం) 2025 మే 7న విజయనగరంలో మా ఇంటి దగ్గరే చేశాం. పందిరికెంత, వంటవాళ్ళకెంత అని చెప్పేవాళ్ళు మీకు చాలామంది దొరుకుతారు కాబట్టి ఆ జోలికి పోను. వటువు (ఒడుగు చేసుకునే పిల్లాడు) చేతికిచ్చే మోదుగ దండం, అదే కర్ర, ఒక్కటీ మేం సొంతంగా తయారు చేసుకున్నాం, దానికి ఫిబ్రవరిలో మొదలుపెడితే మే దాకా పట్టింది, మధ్యలో దాని గురించి పడ్డ టెన్షన్ వంటవాళ్ళ గురించి కూడా పడలేదు. ఎవరైనా చేసుకుందామనుకుంటే ముందే తెలియడం మంచిదని రాస్తున్నాను.

సంక్రాంతి వెళ్ళాక మావయ్య సామాన్ల జాబితా రాసిచ్చారు. మా అమ్మ తమ్ముడు, మా ఇంట్లో పౌరోహిత్యం కూడా ఆయనే. ముంజి, దర్భలు, సమిధలు, కౌపీనానికి బట్ట, ఇత్తడి చెంబులు, అలా రెండు పేజీలు, ఎక్కడో మధ్యలో "మోదుగ దండం" అని రెండు ముక్కలు. కృష్ణాజినం అని కూడా రాసి మళ్ళీ ఆయనే కొట్టేశారు. జింక చర్మం కొనడం అమ్మడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం, శుభమా అని ఒడుగు చేసుకుంటూ ఆ గొడవ మనకెందుకురా అన్నారు.

జనవరి ఆఖర్లో గంటస్తంభం వైపు పూజాసామాన్ల కొట్లన్నీ తిరిగాను. ఒడుగు సెట్టు అని అంతా కలిపి కట్టి ఇచ్చేస్తున్నారు, దండం కూడా అందులోనే. విడిగా అయితే నూట యాభై. పసుపు పూసి, పైన పచ్చబట్ట చుట్టి ఉంది. ఇది ఏం కర్రండీ అని అడిగితే "ఒడుగు కర్రేనండీ" అన్నాడు కొట్టాయన. ఫోటో తీసి మావయ్యకి పంపితే వెంటనే ఫోన్ చేసి నవ్వడం మొదలుపెట్టారు. "అది సరుగుడురా, పందిరి గుంజ చీల్చి పసుపు రాశాడు" అన్నారు. ఆన్‌లైన్లో ఒకచోట అసలైన పలాశ (అంటే మోదుగే) దండం అని ఉంటే తెప్పించాను. వచ్చింది, మోదుగో కాదో తెలియదు గానీ చక్కగా తొక్క చెక్కేసి, మిషన్ మీద గుండ్రంగా తిప్పి, నిగనిగలాడేలా వార్నిష్ కొట్టి ఉంది. పొడుగు చూస్తే మా వాడి నడుం దాకా కూడా రాలేదు. వాపసు పంపాను, పంపే ఖర్చు నాదే.

మావయ్యేమీ పట్టుబట్టే మనిషి కాదు. "సరుగుడుతో కూడా అయిపోతుందిలేరా, అందరూ కానిస్తున్నారు కదా" అనే అన్నారు. నేనే ఆగిపోయాను, ఎందుకంటే అదే పూట ఆయన దండం ఇచ్చేటప్పటి మంత్రం గురించి చెప్పారు. "సుశ్రవః సుశ్రవసం మా కురు" అని వటువు ఆ కర్రతోనే మాట్లాడతాడు. నువ్వు బాగా విన్నదానివి, నన్నూ అలా చెయ్యి అని. తైత్తిరీయ సంహిత మూడో కాండలో దానికి కథ ఉంది, దేవతలు బ్రహ్మం గురించి మాట్లాడుకుంటూ ఉంటే మోదుగ విన్నదట, అందుకే దానికి సుశ్రవ అని పేరు. సోమం తెచ్చేటప్పుడు రాలిన ఆకు మోదుగ చెట్టయిందని కూడా అక్కడే ఉంది. ఇంత విన్నాక పందిరి గుంజని పట్టుకుని నువ్వు విన్నావు అని పిల్లాడి చేత అనిపించడం నాకు మనసొప్పలేదు.

సరే కర్ర తెచ్చుకుంటాను, ఎలా ఉండాలో చెప్పండి అన్నాను. ఆయన మనుస్మృతి రెండో అధ్యాయం తీసి చదివారు. బ్రాహ్మణ వటువుకి మారేడు గానీ మోదుగ గానీ, పొడుగు జుట్టు దాకా. క్షత్రియుడికి నుదురు దాకా, వైశ్యుడికి ముక్కు దాకా, వాళ్ళ చెట్లు వేరు. తర్వాతి శ్లోకంలో ఉంది అసలు పేచీ. కర్ర తిన్నగా ఉండాలి, గాయాలు ఉండకూడదు, చూడ్డానికి బాగుండాలి, చూసినవాళ్ళకి జడుపు పుట్టకూడదు, తొక్కతో ఉండాలి, నిప్పు తగిలి చెడి ఉండకూడదు. జడుపు పుట్టకూడదు అన్నది విని మా ఆవిడ పక్క గదిలోంచి నవ్వింది. విన్నప్పుడు తేలిగ్గానే అనిపించింది. తొక్క, నిప్పు, ఈ రెండింటి బరువు తెలియడానికి నాకు నెల పట్టింది.

మారేడు చెట్టు మా వీధి చివర గుడిలోనే ఉంది, పూజారిగారు తెలిసినాయనే, ముందు అక్కడికే వెళ్ళాను. కొమ్మ కొమ్మకీ ముళ్ళు. ముల్లు తీస్తే గుంట పడుతుంది, అది గాయమే కదా. ముళ్ళు ఉంచేసి తొమ్మిదేళ్ళ పిల్లాడి చేతికి ఇవ్వలేం. మారేడు అక్కడితో వదిలేశాం.

మోదుగ ఊళ్ళో ఎక్కడుంటుంది? ఫిబ్రవరిలో ఆదివారాలు బండి వేసుకుని గంట్యాడ దాటి తాటిపూడి వైపు వెళ్ళేవాణ్ణి. అప్పటికి ఆకు చాలావరకు రాలిపోయి, కొమ్మల నిండా నల్లటి మఖమల్ గుడ్డలో చుట్టినట్టు మొగ్గలు, ఒకటీ అరా పువ్వు విచ్చుకుని ఎర్రగా కనిపిస్తోంది. కాబట్టి చెట్టు కనిపెట్టడం కష్టం కాదు, రోడ్డు మీంచే తెలిసిపోతుంది. కష్టం ఏమిటంటే మోదుగ చెట్టులో తిన్నగా ఉన్న కొమ్మ ఉండదు. మాను వంకర, దాని మీద కొమ్మ వంకర, కొమ్మకి రెమ్మ ఇంకా వంకర. కొండవాలులో చెట్లు దండిగా ఉన్నాయి గానీ అది రిజర్వు ఫారెస్టు, అక్కడ ఆకు కూడా తెంపకూడదు, ఆ పని మీరూ చేయకండి. పొలం గట్ల మీద ఉన్నవే, అదీ సొంతదారుని అడిగి.

అలా ఒక గట్టు మీద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూస్తుంటే ఆ పొలం రైతు వచ్చాడు. పెద్దాయన, చేతిలో కత్తి, నేను ఏ కంపెనీ తరఫున స్థలం చూడ్డానికి వచ్చానో అన్నట్టు చూశాడు.

"ఏటి బావూ ఎతుకుతున్నారు?"

ఒడుగు కర్ర అని చెప్పాను. మోదుగే కావాలి, తిన్నగా ఉండాలి అని.

"పెద్ద సెట్టులో తిన్నటి కొమ్మ మీకీ జన్మలో దొరకదు. నరికిన మొద్దు సూసుకోండి."

నాకు అర్థం కాలేదు. ఆయనే తీసుకెళ్ళి చూపించాడు. గట్టు చదును చేసేటప్పుడు రెండేళ్ళ కిందట కొట్టేసిన మోదుగ మొద్దు, దాని చుట్టూ చిగుళ్ళు లేచి మనిషెత్తు దాటి ఉన్నాయి, ఒక్కొక్కటీ బొటనవేలి కంటే కాస్త లావు, ఎండ కోసం ఒకదానితో ఒకటి పోటీ పడి నిట్టనిలువుగా పెరిగాయి. వాటికి పక్క కొమ్మలు ఇంకా వేయలేదు, ఆకు రాలిన మచ్చలు తప్ప ఏమీ లేవు. అంటే కొమ్మ నరికిన గాయం అన్న పేచీ కూడా లేదన్నమాట. ఇన్నాళ్ళూ పైకి చూస్తూ తిరిగాను, కావలసింది మోకాలి ఎత్తున మొదలవుతుందని ఎవరూ చెప్పలేదు. ఈ వ్యాసంలో ఒక్క ముక్కే గుర్తుంచుకుంటానంటే ఇది గుర్తుంచుకోండి, మోదుగ దండానికి చెట్టు వెతకొద్దు, మొద్దు వెతకండి.

అప్పుడే కొట్టుకుంటానంటే ఆయన ఒప్పుకోలేదు. వెన్నెల రోజుల్లో కొట్టిన కర్ర పుచ్చిపోతుందట, అమావాస్య దగ్గర పడ్డాక రమ్మన్నాడు. మావయ్యని అడిగితే సరే గానీ సరిగ్గా అమావాస్య నాడు మాత్రం చెట్టు మీద కత్తి పెట్టొద్దు అన్నారు. ఈ ఇద్దరి మాటా కలిసేలా శివరాత్రికి ముందు ఆదివారం, ఫిబ్రవరి 23 పొద్దున్న వెళ్ళాం, నేనూ మా వాడూ. మొద్దుకి నీళ్ళు పోసి, నాలుగు అక్షింతలు వేసి దణ్ణం పెట్టాం. రైతు మా వంక వింతగా చూడలేదు, మన దగ్గర ఇది వింతేమీ కాదు. పైడితల్లి అమ్మవారి పండక్కి పూజారి కూర్చుని ఊరేగే సిరిమానుకి ఏ చింతమాను కొట్టాలో అమ్మవారు పూజారికి కలలో కనిపించి చెబుతుందని నమ్మే ఊరు మాది, చెట్టుని అడగకుండా కర్ర తెచ్చుకుంటేనే వింత.

కత్తి ఆయనే పట్టాడు. ఏటవాలుగా, ఒక్క దెబ్బకి తెగేలా కొట్టాలి, రెండో దెబ్బ పడితే మొదలు చీలిపోతుంది. కొట్టిన చోట ముందు తెల్లగా ఉంది, మేం తాడు కట్టే లోపు కోత అంచున ఎర్రటి చుక్కలు ఊరాయి, చిన్న చిన్న పూసల్లా నిలబడ్డాయి. మా వాడు రక్తం వస్తోంది నాన్నా అని వెనక్కి జరిగాడు. జిగురు అది, గాలి తగిలితే గట్టిపడి గోరుతో గీకితే పొడి అవుతుంది. ఆరు కర్రలు కొట్టాడు, కావలసిన పొడుగు కంటే ఇంచుమించు మూరెడు ఎక్కువే ఉంచి. ఒకటి చాలు కదా అంటే "ఉంచండి బావూ, ఎన్ని మిగుల్తాయో సూద్దురు గానీ" అన్నాడు. డబ్బులు ఇవ్వబోతే పుచ్చుకోలేదు, మనవలకి అని తీసుకెళ్ళిన మిఠాయి మాత్రం తీసుకున్నాడు. ఆ కర్రలు బండి మీద విజయనగరం దాకా తేవడం ఇంకో కథ. వెనక మా వాడు నిలువుగా పట్టుకుని కూర్చున్నాడు, దారి పొడుగునా జనం జెండాలేవీ అన్నట్టు చూశారు.

ఇంటికి తెచ్చాక కర్రని ఆరబెట్టాలి. ఇక్కడే తొక్క తగువు మొదలవుతుంది. మామూలుగా వడ్రంగులు పచ్చికర్ర తొక్క తీసేసే ఆరబెడతారు, త్వరగా ఆరుతుంది, పురుగు పట్టదు. తొక్క ఉంచితే తడి పక్కల నుంచి పోలేక రెండు కొసల నుంచే పోతుంది, కొసలు ముందు ఎండి చీలుతాయి. మా వీధిలో వడ్రంగి ఆయన కొసలకి మైనం కరిగించి పూయమన్నాడు. మావయ్య మైనం అంటే మొహం చిట్లించి, ఆవు పేడ, పుట్టమన్ను కలిపి మెత్తండి, మీ తాతగారు చేసింది అదే అన్నారు. అదే మెత్తాం. మేడ మెట్ల గదిలో ఎండ పడకుండా, గాలి మాత్రం ఆడేలా పెట్టాం.

తిన్నగా పెరిగినవే అయినా ఆరేటప్పుడు వంగుతాయి. మొదటి వారంలోనే ఒక కర్ర విల్లులాగా తిరిగింది. దీనికి వడ్రంగుల దగ్గర ఐదు నిమిషాల మందు ఉంది, నిప్పు సెగ మీద తిప్పుతూ మోకాలికి ఆనించి వంచడమే, కర్రలమ్మే వాళ్ళందరూ చేసేది అదే. మనకి నిప్పు పనికిరాదు. అప్పుడు నాకు ఒక ఉపాయం తట్టింది, నిప్పు కదా వద్దన్నారు, ఆవిరి పెడితే? మావయ్యకి ఫోన్ చేశాను.

"ఇడ్లీ పాత్రలో పెడతావట్రా?"

"లేదు మావయ్యా, గొట్టంలో పెట్టి..."

"సందేహం ఉన్నదాన్ని చేయడం ఎందుకు, రెండు నెలలుంది కదా, కట్టి ఉంచు. అదే సర్దుకుంటుంది."

కట్టి ఉంచడం అంటే ఇలా. తెలిసిన ప్లంబర్ దగ్గర అంగుళం జీఐ పైపు ముక్కలు తెచ్చాను, పని అయ్యాక తిరిగి ఇచ్చే ఒప్పందం మీద. కర్రకి పాత పంచె ముక్కలు చుట్టి, పైపుకి ఆనించి, పాత సైకిల్ ట్యూబు పొడుగ్గా కోసిన పట్టీలతో జానెడుకి ఒక కట్టు కట్టాం. పంచె ముక్క లేకపోతే పచ్చి తొక్క మీద రబ్బరు అచ్చు దిగిపోతుంది అని వడ్రంగి ముందే చెప్పాడు. కర్ర పొడుగునా చుట్టేయకూడదు, చెమ్మ లోపలే ఉండిపోయి బూజు పడుతుంది. కట్టినది కట్టినట్టు ఉండదు, కర్ర ఆరే కొద్దీ సన్నబడి కట్లు వదులవుతాయి, అప్పుడప్పుడు విప్పి కర్రని కొంచెం తిప్పి మళ్ళీ బిగించాలి. మార్చి అంతా ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పకుండా ముందు మేడ ఎక్కేవాణ్ణి. మా ఆవిడ ఒకరోజు "ఒడుగు కర్రకా, పిల్లాడికా?" అంది.

మార్చి నెలాఖరుకి, ఉగాది ముందు, గచ్చు మీద చిన్న కుప్పలు కనిపించాయి. గోధుమరంగు పొడి, వేలితో రాస్తే టాల్కం పౌడరంత మెత్తన. పైకి చూస్తే ఒక కర్ర తొక్క మీద గుండుసూది తలంత బెజ్జాలు. అమావాస్య ముందు కొట్టినవే, అయినా పురుగు పట్టింది. ఆ కర్రని గోడకి తట్టి చూస్తే మిగతావాటి కంటే బోలుగా మోగింది. దాని పక్కదానికీ మొదలైంది. గాయం లేని కర్ర కావాలి మనకి, ఇదేమో లోపల్నుంచి గాయం. ఆ రెండూ తీసి దూరంగా పడేశాను, మిగతా నాలుగింటికీ వేపనూనె పట్టించాం. దాని కంపు మెట్ల మీద నుంచి వంటింటి దాకా దిగింది, వేసవి కాలం కదా, తలుపులు మూయలేం. ఉగాది పచ్చడిలో కూడా వేపనూనె వాసనే అని మా అమ్మ గొడవ. కానీ పొడి రాలడం ఆగింది.

ఏప్రిల్ మధ్యలో ఒక సాయంత్రం గాలివాన వచ్చి మెట్ల గది కిటికీలోంచి జల్లు కొట్టింది. వేసవి వేడికి ఆరిన తొక్క ఒక్కసారిగా తడిసేసరికి ఒక కర్రకి నిలువునా పగిలి వేలెడు వెడల్పున లేచిపోయింది. తొక్క లేకపోతే దండం కాదు. ఇక మూడు. ఆ రాత్రి నిజంగా నిద్ర పట్టలేదు, నూట యాభై పడేస్తే అయ్యేదానికి ఇంత అవసరమా అని నన్ను నేనే తిట్టుకున్నాను. కార్డులు అచ్చుకి ఇవ్వడం అవలేదు, బంధువుల ఫోన్లు అవలేదు, నేను మేడ మీద కర్రలకి కాపలా.

సరిగ్గా అప్పుడే మావయ్య వచ్చి మూడు కర్రలూ చూసి, మెచ్చుకుని, "రెండు మంచివి తీసి పక్కన పెట్టు" అన్నారు. రెండెందుకు? పాలాశ కర్మలో వటువు పాత దండం, మేఖల (నడుముకి కట్టే తాడు) అవన్నీ మోదుగ దగ్గర వదిలేసి కొత్తవి తీసుకుంటాడు. శాస్త్ర ప్రకారం అది నాలుగో రోజు, ఇప్పుడు అందరూ అదే రోజు కానిచ్చేస్తున్నారు. జాబితాలో ఒక్కటే రాశారు కదా మావయ్యా అంటే, కొట్లో కొంటే సెట్టులో రెండు ఇస్తాడురా అన్నారు! ఆ రైతు ఆరు కొట్టకపోయి ఉంటే నా పరిస్థితి ఏమిటో ఊహించుకోండి. మీరు చేసుకుంటే ఆరుకి తక్కువ తెచ్చుకోకండి.

ఆఖరి కోతకి కొలత ముందే తీసుకోవద్దు. ఆ వయసు పిల్లలు వేసవిలో ఉన్నట్టుండి సాగుతారు, పైగా కొసలు చీలతాయి కాబట్టి కోసేయడానికి ఎలాగూ ఎక్స్‌ట్రా ఉండాలి. మే 4న మా వాణ్ణి గోడకి నిలబెట్టి, నుదుటి పైన జుట్టు మొదలయ్యే చోట పెన్సిల్ గీత పెట్టాం. "రేపు గుండు చేస్తారు కదా, అప్పుడు జుట్టు ఎక్కణ్ణించి మొదలవుతుంది?" అని వాడి డౌటు. మావయ్య దగ్గర కూడా దానికి సమాధానం లేదు, పిలక దాకా కావాలా అని వాణ్ణే ఏడిపించారు. నాలుగడుగుల చిల్లర తేలింది.

మట్టి రాలగొట్టి చూస్తే చీలికలు కొసల్లో రెండు మూడు వేళ్ళ మేర ఉన్నాయి, అవి కోతలో పోయాయి. సన్న పళ్ళ రంపంతో కోయాలి, కోసే చోట ముందు గట్టిగా దారం చుట్టాలి, లేకపోతే తొక్క నార లేచి కిందికి జీరుకుపోతుంది. మోదుగ తొక్క అంతా నారే. కోసిన అంచులు గరుకు కాగితంతో గుండ్రం చేశాం, అది మా వాడి పని, రెండు పూటలు కూర్చుని చేశాడు, అంత ఓపిగ్గా వాణ్ణి హోంవర్క్ దగ్గర ఎప్పుడూ చూడలేదు. లేత చిగుళ్ళు కదా, తొక్క మీద సన్నటి నూగు ఉంటుంది, ఎండాక అది చేతికి అంటుతుంది. గరుకు కాగితం తొక్క మీద పెట్టకూడదు, తడి గోనె ముక్కతో రుద్దితే చాలు. వేపనూనె జిడ్డుకి శనగపిండి. తర్వాత కొసలకి కొంచెం నువ్వులనూనె, మొత్తానికి పసుపు. పచ్చిగా ఉన్నప్పుడు బరువుగా వేలాడిన కర్ర ఇప్పుడు వాడు రెండు వేళ్ళతో తిప్పేంత తేలిక. తిన్నగా ఉందా అంటే, ఒక కంటితో చూస్తే మధ్యలో కాస్త వంపు ఉంది. మావయ్య కూడా ఒక కన్ను మూసి చూసి, ఈ మాత్రం వంపు మనందరికీ ఉంది అన్నారు.

ఒడుగు రోజు సంగతి క్లుప్తంగా చెప్తాను. మంత్రం చెప్పి దండం ఇచ్చేటప్పుడు మా వాడు రెండు చేతులా పట్టుకున్నాడు, సుశ్రవః అన్నప్పుడు నా వంక చూశాడు, కథ తెలుసు కాబట్టి. నాకు కళ్ళు చెమర్చాయి, పొగ అని సర్దుకున్నాను. ఫోటోగ్రాఫరు మాత్రం "బాబూ ఆ కర్ర పక్కన పెట్టు, మొహానికి అడ్డొస్తోంది" అని ఒకటే గోల. భిక్ష దగ్గర ఇంకో ఇబ్బంది, ఒక చేత్తో దండం, ఒక చేత్తో భిక్షపాత్ర, పది మంది బియ్యం పోసేసరికి పాత్ర బరువెక్కి కర్ర జారుతుంది. పక్కన ఒకరు ఉండి పాత్ర ఖాళీ చేస్తూ ఉండాలి, ఇది ముందే ఎవరికైనా అప్పజెప్పండి. పసుపు ఆరకుండా ఉంటే కొత్త బట్టలన్నీ మరకలే, ముందు రోజు పొద్దున్నే పూసేయండి.

పాలాశ కర్మకి మోదుగ కొమ్మ కుండీలో పాతి చేశాం, అది కూడా రైతే పంపించాడు. రెండు కర్రల్లో బాగున్నది ముందు ఇచ్చాం, అంటే బాగున్నదే వదిలేయాల్సి వచ్చింది. మా అమ్మ అది దాచుకుందాం అంది గానీ మావయ్య ఊరుకోలేదు, వదిలేయడమే అక్కడ కర్మ అన్నారు. రెండోది మా వాడి దగ్గర ఉంది. అది ఎప్పుడైనా విరిగితే నీళ్ళలో వేసి మంత్రంతో కొత్తది తీసుకోవాలి, చెత్తలో వేయకూడదు. ప్రస్తుతానికి సంధ్యావందనం చోట మూల నిలబెట్టి ఉంది, వాడి స్నేహితులు వచ్చినప్పుడు మాత్రం దాన్ని బీరువా మీద పెడుతున్నాం, ఒకసారి వికెట్ అయింది మరి.

ఖర్చు అడుగుతారు కాబట్టి చెప్తాను. పెట్రోలు అన్నీ కలిపి వెయ్యి దాటింది, మిఠాయి, వేపనూనె, గరుకు కాగితం ఇంకో ఐదారు వందలు, ఆన్‌లైన్ కర్ర వాపసుకి పోయింది వేరే. పైపులు, ట్యూబులు ఊరికే. నూట యాభై కర్రకి ఇది పదింతలు.

మాఘంలో మా తోడల్లుడి కొడుకు ఒడుగు అనుకుంటున్నారు. మిగిలిన మూడో కర్ర ఇచ్చేయ్ అని ఆయన అడుగుతున్నాడు. అది మా వాడి కొలతకి కోసింది, వాళ్ళబ్బాయి మా వాడి కంటే అరచెయ్యంత పొడుగు, పైగా వానాకాలం వచ్చాక దాని కింద మళ్ళీ పొడి కనిపిస్తోంది. రైతుతో మాట్లాడి పెడతాను, కార్తీకంలోనే కొట్టించుకో, ముందు వాడి ఎత్తు కొలిచి పంపించు అన్నాను. ఇంకా పంపలేదు.